స్నార్కెలింగ్ భద్రత, నీట మునక సంఘటనల నమోదు

ముఖానికి మాస్కు, నోట్లో గాలి గొట్టం, కాళ్లకు రెక్కలు తొడుక్కుని నీటిపై బోర్లా తేలుతూ, అడుగున ఉన్న పగడపు దిబ్బలను, చేపలను చూసే జలక్రీడ స్నార్కెలింగ్. ఈ గాలి గొట్టాన్నే స్నార్కెల్ అంటారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని లోతుకు దిగే స్కూబా డైవింగ్‌కు శిక్షణ, ధ్రువపత్రం అవసరం. స్నార్కెలింగ్‌కు చాలాచోట్ల అవేవీ అడగరు. తీరంలో పరికరాలు అద్దెకు తీసుకున్న పది నిమిషాల్లో, ఈత రానివారు సైతం నీటిలో ఉంటారు. అందువల్ల దీన్ని ప్రమాదరహితమైన వినోదంగా భావించడం పరిపాటి. హవాయి దీవుల్లో పర్యాటకులు సముద్రంలో మునిగి చనిపోయే సందర్భాలలో మొదటి స్థానం మాత్రం దీనిదే. ఆ మరణాలలో చాలావాటికి నిజమైన కారణం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం, సంఘటన జరిగిన రోజున ఎవరు ఏమి రాసి పెట్టారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసం భద్రతనూ, నమోదునూ కలిపి వివరించడానికి కారణం అదే.

నిర్వచనాలు

2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ మహాసభలో నిపుణులు నీట మునకకు ఒక ఉమ్మడి నిర్వచనాన్ని అంగీకరించారు. ద్రవంలో శరీరం పూర్తిగా మునగడం వల్ల గాని, ముఖభాగం మునగడం వల్ల గాని శ్వాసకు ఆటంకం కలిగే ప్రక్రియ నీట మునక. దీని ఫలితాలు మూడు: మరణం, అనారోగ్యంతో బయటపడటం, ఏ అనారోగ్యమూ లేకుండా బయటపడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ నిర్వచనాన్నే అనుసరిస్తోంది. దీని ప్రకారం ప్రాణాలతో బయటపడిన వ్యక్తి ఉదంతమూ నీట మునకే, లెక్కలోకి రావలసిందే. అంతకుముందు వాడుకలో ఉన్న ‘తడి మునక’, ‘పొడి మునక’, ‘మునక అంచు’ వంటి విభజనలను నిపుణులు వదిలేశారు. ఒక్కో ఆసుపత్రి వాటిని ఒక్కో అర్థంలో వాడటంతో దేశాల మధ్య అంకెలను పోల్చడం అసాధ్యమయ్యేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రచురించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. ఇందులో పదింట తొమ్మిది వంతులు అల్ప, మధ్య ఆదాయ దేశాలవే. వీటిలో స్నార్కెలింగ్ మరణాల వాటా స్వల్పం. అయితే మిగతా మరణాల కంటే వీటి కారణాలు, బాధితుల వయసు, జరిగే తీరు వేరు కావడంతో ప్రత్యేక అధ్యయనం అవసరమైంది.

చరిత్ర

ఏనుగు తొండాన్ని నీటిలో దిగేవారు గాలి పీల్చుకోవడానికి వాడే సాధనంతో పోలుస్తూ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. తమిళనాడుకూ శ్రీలంకకూ నడుమ ఉన్న మన్నారు సింధుశాఖలో ముత్యాల కోసం, జపాన్ తీరంలో నత్తగుల్లల కోసం దిగినవారు మాత్రం గొట్టం లేకుండా ఊపిరి బిగబట్టే మునిగేవారు. రబ్బరు మాస్కు, రెక్కలు, గొట్టం కలిసిన నేటి పరికరాల సమితి 20వ శతాబ్దపు మధ్యకాలంలో మధ్యధరా తీరాన రూపుదిద్దుకుంది. చవక విమానయానంతో ఉష్ణమండల సముద్రతీరాలకు పర్యాటకం పెరిగాక ఇది లక్షలమంది వినోదమైంది. ముఖమంతా కప్పే మాస్కు 2014లో ఫ్రాన్స్‌కు చెందిన డెకాథ్లాన్ సంస్థ ద్వారా విస్తృతంగా మార్కెట్లోకి వచ్చింది.

పరికరాలు, వాటి పరిమితులు

గొట్టం ఎంత పొడవుంటే అంత లోతుకు పోవచ్చుననుకోవడం పొరపాటు. ఒక మీటరు లోతులో శరీరంలోని ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 100 గ్రాముల అదనపు ఒత్తిడి పడుతుంది. గొట్టంలోని గాలి మాత్రం ఉపరితలపు పీడనంలోనే ఉంటుంది. ఆ తేడాకు ఎదురొడ్డి ఛాతీ కండరాలు ఊపిరి తీయలేవు. పెద్దల గొట్టం పొడవు 38 సెంటీమీటర్లకు మించరాదని యూరోపియన్ ప్రమాణం నిర్దేశిస్తోంది.

రెండో పరిమితి ‘మృత స్థలం’. విశ్రాంతిగా ఉన్న మనిషి ఒక్కో శ్వాసలో దాదాపు 500 మిల్లీలీటర్ల గాలి పీల్చుకుంటాడు. అందులో 150 మిల్లీలీటర్ల వరకు శ్వాసనాళాల్లోనే నిలిచి, రక్తాన్ని చేరకుండా తిరిగి వస్తుంది. 2 సెంటీమీటర్ల వ్యాసం, 38 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం దీనికి మరో 120 మిల్లీలీటర్లు చేరుస్తుంది. వదిలిన గాలినే కొంత మళ్లీ పీల్చడం దీని ఫలితం. నెమ్మదిగా, నిండుగా శ్వాసించేవారికి ఇది ఇబ్బంది కాదు. కంగారులో పైపైన వేగంగా శ్వాసించేవారికి తాజా గాలి అందడం తగ్గి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది.

మూడోదైన ప్రతిరోధం చాలామంది గమనించనిది. గాలి సాఫీగా పారే గొట్టంలో వ్యాసం సగమైతే ప్రతిరోధం 16 రెట్లవుతుంది. నీరు లోపలికి రాకుండా పైన మూత, కింద కవాటం అమర్చిన ‘పొడి స్నార్కెల్’లో ఎక్కడో ఒకచోట దారి ఇరుకవుతుంది. దాని గుండా బలంగా ఊపిరి తీయడం సన్నని స్ట్రాతో గాలి పీల్చడం లాంటిది. చూపులకు ఒకేలా కనిపించే రెండు గొట్టాల ప్రతిరోధం ఎంతో తేడాగా ఉండవచ్చు. కొనేవారికి ఆ తేడా తెలిపే గుర్తు సాధారణంగా పెట్టెమీద ఉండదు. ముఖమంతా కప్పే మాస్కు విషయంలో మరో ఆందోళన ఉంది. మామూలు గొట్టాన్ని నోటి నుంచి ఉమ్మివేయగలం. ముఖానికి బిగించిన మాస్కును పట్టీలు లాగి తీయాలి. ఊపిరాడని మనిషికి ఆ కొద్ది క్షణాలు కూడా చాలా ఎక్కువ.

శరీరంలో మార్పులు

నీటిలో నిలువునా మెడవరకు మునిగినప్పుడు కాళ్ల నుంచి, పొట్ట నుంచి దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం ఛాతీలోకి చేరుతుంది. చల్లని నీరు చర్మంలోని రక్తనాళాలను ముడుచుకునేలా చేసి ఈ భారాన్ని ఇంకా పెంచుతుంది. ఆరోగ్యవంతమైన గుండె దీన్ని మోయగలదు. రక్తపోటుతో గోడలు బిగుసుకుపోయిన గుండెకు అది కష్టం. బోర్లా తేలేవారిలో ఊపిరితిత్తులు నీటి మట్టానికి కొద్దిగా దిగువనే ఉంటాయి కనుక ప్రతి శ్వాసకూ కొంత అదనపు బలం కావాలి. గొట్టం ప్రతిరోధం దీనికి తోడైతే ఛాతీలో పీడనం పడిపోయి, సన్నని రక్తనాళాల నుంచి ద్రవం గాలి గదుల్లోకి ఊరుతుంది. ఈ స్థితి పేరు పల్మనరీ ఎడీమా. ఇక్కడ ఊపిరితిత్తుల్లో నిండేది సముద్రపు నీరు కాదు, ఆ మనిషి శరీరంలోని ద్రవమే. ఈతగాళ్లలో, డైవర్లలో ఇది కలుగుతుందని బ్రిటన్ హృద్రోగ వైద్యుడు పీటర్ విల్మ్స్‌హర్స్ట్, సహచరులు 1989లో లాన్సెట్ పత్రికలో వివరించారు.

మునకకు దారితీసే కారణాలు

స్నార్కెలింగ్ మరణాలకు నాలుగు ప్రధాన మార్గాలున్నాయి. గొట్టంలోకి నీరు రావడంతో పొలమారి, భయపడి మునగడం ఒకటి. అలలు, ప్రవాహం ఉన్నచోట, అనుభవం లేనివారిలో ఇది కనిపిస్తుంది. రెండోది శ్రమతోనో చలితోనో గుండె లయ తప్పడం. నడివయసు దాటిన పురుషులలో ఇది ముఖ్య కారణమని ఆస్ట్రేలియా మరణాల విశ్లేషణలు చెబుతున్నాయి.

మూడోది ఊపిరి బిగబట్టి లోతుకు దిగేవారిలో స్పృహ తప్పడం. దిగే ముందు గబగబా గట్టిగా శ్వాసించి కార్బన్ డయాక్సైడ్‌ను పోగొట్టుకుంటే, ఊపిరి తీయాలనే కోరిక ఆలస్యంగా కలుగుతుంది. ఈలోగా మెదడుకు ప్రాణవాయువు చాలకుండా పోతుంది. దీనికి బలయ్యేవారు సాధారణంగా యువకులు, బాగా ఈదగలవారు. ‘ఈత వచ్చు కదా’ అన్న ధీమా ఇక్కడ ఏమాత్రం రక్షణ ఇవ్వదు.

నాలుగోది పైన చెప్పిన పల్మనరీ ఎడీమా. హవాయి అధ్యయనం ప్రధానంగా దీని గురించే.

హవాయి అధ్యయనం

హవాయిలో రక్షకులను చాలాకాలంగా కలవరపెట్టిన విషయం ఒకటుంది. స్నార్కెలింగ్ బాధితులలో చాలామంది చేతులు ఊపలేదు, కేకలు వేయలేదు. నిలబడితే కాళ్లు అందే లోతులో, ప్రశాంతమైన నీటిలో, పక్కనే మనుషులుండగా నిశ్చలంగా తేలుతూ కనిపించారు. అడుగున చేపలు చూస్తున్న మనిషీ, ప్రాణం పోతున్న మనిషీ ఒడ్డునుంచి ఒకేలా ఉంటారు.

హవాయి పర్యాటక ప్రాధికార సంస్థ సహకారంతో ఊపిరితిత్తుల వైద్యుడు ఫిలిప్ ఫోటీ నేతృత్వంలోని బృందం దీన్ని పరిశోధించి, 2021లో తుది నివేదిక ఇచ్చింది. ఆ బృందం మూడు పనులు చేసింది: మరణ రికార్డులు తిరగేసింది, పలు నమూనాల గొట్టాలను ప్రయోగశాలలో పెట్టి ప్రతిరోధం కొలిచింది, చావు తప్పి బయటపడినవారిని ప్రశ్నావళి ద్వారా పలకరించింది. నీరు మింగడంతో మొదలుకాని, ఊపిరితిత్తుల్లో ద్రవం వేగంగా చేరి ప్రాణవాయువు పడిపోవడంతో జరిగిన సంఘటనలు ఎక్కువగా ఉన్నాయని నివేదిక తేల్చింది. గొట్టపు ప్రతిరోధం, ముందునుంచి ఉన్న గుండె, రక్తపోటు సమస్యలు, శ్రమ ఇందుకు దోహదం చేస్తాయని పేర్కొంది. సుదీర్ఘ విమాన ప్రయాణం చేసిన వెంటనే నీటిలో దిగడం కూడా ఒక కారణం కావచ్చని పరికల్పనగా సూచించింది. హఠాత్తుగా ఆయాసం, నీరసం, కాళ్లుచేతుల్లో సత్తువ పోవడం ప్రమాద సూచనలు.

మూడో పని విలువను ప్రత్యేకంగా గుర్తించాలి. పోస్టుమార్టంలో మునకవల్ల బరువెక్కిన ఊపిరితిత్తులూ, ఎడీమావల్ల బరువెక్కిన ఊపిరితిత్తులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ముందు ఆయాసం వచ్చిందా, ముందు నీరు లోపలికి పోయిందా అన్న వరుసక్రమాన్ని శవపరీక్ష నిర్ధారించలేదు. బతికినవారు మాత్రమే చెప్పగలరు. మరణాలను మాత్రమే లెక్కించే ఏ వ్యవస్థకైనా ఈ జ్ఞానం అందకుండా పోతుంది.

సంఘటనల నమోదు: చరిత్ర, పద్ధతులు

నమోదు ఎంత మేలు చేయగలదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. ఆస్ట్రేలియాలో డాక్టర్ డగ్లస్ వాకర్ 1972లో ‘ప్రాజెక్ట్ స్టికీబీక్’ పేరుతో డైవింగ్ మరణాల వివరాలు పోగుచేయడం ప్రారంభించాడు. స్నార్కెలింగ్ మరణాలను కూడా చేర్చి, ప్రతి ఉదంతాన్నీ పేర్లు లేకుండా ప్రచురించి, దశాబ్దాలపాటు దాన్ని కొనసాగించాడు. తర్వాత జాన్ లిప్‌మన్ ఆ పనిని అందుకున్నాడు. రెండోది బ్రెజిల్‌ది. రియో డి జనీరో తీరంలో 1972 నుంచి 1991 వరకు వైద్యసహాయం అందిన 1,831 ఉదంతాలను పరిశీలించి డేవిడ్ స్పిల్‌మన్ 1997లో నీట మునక తీవ్రతను ఆరు శ్రేణులుగా విభజించాడు. దగ్గు మాత్రమే ఉన్న మొదటి శ్రేణిలో మరణాలు లేవు. నాలుగో శ్రేణిలో 19 శాతం, గుండె ఆగిన ఆరో శ్రేణిలో 93 శాతం మరణించారు. ఒడ్డున లైఫ్‌గార్డులు, వైద్యులు నింపిన కాగితాల నుంచే చికిత్సకు పనికొచ్చే ఈ కొలమానం తయారైంది.

నమోదుకు ఉమ్మడి నమూనాగా 2003లో ‘ఉట్‌స్టైన్ పద్ధతి’ నీట మునకకు రూపొందింది, తర్వాత సవరించబడింది. బాధితుడి వివరాలు, మునిగి ఉన్న సమయం, రక్షణ, పునరుజ్జీవన చికిత్స, ఆసుపత్రి ఫలితం ఇందులో ప్రధానాంశాలు. డైవింగ్ మరణాల విశ్లేషణలో మరో అంచె చేరింది. ప్రేరేపించిన సంఘటన, హాని కలిగించిన అంశం, అశక్తుణ్ని చేసిన గాయం, చివరి మరణ కారణం అనే నాలుగు మెట్ల గొలుసుగా ప్రతి ఉదంతాన్నీ విప్పుతారు. ‘నీట మునిగి మృతి’ అన్నది ఆ గొలుసులో ఆఖరి మెట్టు మాత్రమే. నివారణ సాధ్యమయ్యేది మొదటి మెట్టు దగ్గర.

స్నార్కెలింగ్‌కు ప్రత్యేకంగా నమోదు చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి: గొట్టం, మాస్కు రకం, తయారీ సంస్థ, తేలేందుకు జాకెట్టు ఉందా లేదా, దొరికిన చోట లోతు, నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం, చివరిసారి మామూలుగా కనిపించిన సమయం, ఆయాసం గురించి తోటివారితో ఏమైనా అన్నాడా, వాడే మందులు, తీరానికి చేరి ఎన్ని రోజులైంది. పరికరాన్ని భద్రపరచడం అన్నిటికంటే ముఖ్యం. రక్షణ హడావిడిలో మాస్కు ఎక్కడో పడిపోతుంది, లేదా కడిగి మళ్లీ అద్దె పెట్టెలోకి వెళ్లిపోతుంది. దాంతో గొట్టం పాత్ర గురించిన ప్రశ్నకు జవాబు శాశ్వతంగా పోతుంది.

మరణ కారణాల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పులో ప్రమాదవశాత్తు మునకకు డబ్ల్యూ65 నుంచి డబ్ల్యూ74 వరకు సంకేతాలున్నాయి. సహజ జలాల్లో ఉండగా మునిగినవారికి డబ్ల్యూ69 వర్తిస్తుంది. చెరువులో స్నానం చేసినవాడూ, పగడపు దిబ్బపై స్నార్కెల్‌తో తేలినవాడూ అదే సంకేతం కిందికి వస్తారు. పడవ ప్రమాదాలు, వరదలు వేరే సంకేతాల్లో ఉంటాయి. (చూ. మరణాల నమోదు, వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ.)

పరిమితులు

మరణాల సంఖ్య తెలిసినా, స్నార్కెలింగ్ చేసినవారు మొత్తం ఎందరో తెలియకపోతే ప్రమాదపు రేటు లెక్కించలేం. ప్రవేశ రుసుము, ముందస్తు నమోదు ఉన్న ఓహూ దీవిలోని హనౌమా అఖాతం వంటిచోట్ల సందర్శకుల లెక్క దొరుకుతుంది. బహిరంగ తీరాల్లో దొరకదు. ముఖమంతా కప్పే మాస్కుపై వివాదం తేలకపోవడానికీ ఇదే ముఖ్య కారణం: మరణించినవారిలో ఎందరు దాన్ని వాడారో తెలిసినా, ఆ రోజు నీటిలో ఉన్నవారందరిలో ఎందరు వాడారో తెలియదు. బతికినవారి ప్రశ్నావళికి స్వచ్ఛందంగా స్పందించేవారు అందరికీ ప్రతినిధులు కారు. చట్టపరమైన బాధ్యత భయంతో నిర్వాహకులు వివరాలు దాచడం మరో అడ్డంకి. పేర్లు తొలగించి, శిక్షతో ముడిపెట్టకుండా సేకరించే పద్ధతికి ఆస్ట్రేలియా అనుభవం మంచి ఆధారం.

భద్రతా నియమాలు

గ్రేట్ బారియర్ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం వినోద జలక్రీడల భద్రతకు 2011లో ప్రత్యేక చట్టం చేసింది. 2018 నాటి ఆచరణ నియమావళి ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న స్నార్కెలర్లను ముందే గుర్తించమని నిర్వాహకులను ఆదేశించింది. ఆరోగ్య సమస్యలు అడిగి తెలుసుకోవాలి. వారికి తేలే సాధనం ఇచ్చి, దూరంనుంచి గుర్తుపట్టేలా చేసి, జతగా దింపాలి. పడవపై గుండెకు విద్యుత్ షాకిచ్చే యంత్రం ఉండాలి. మరణాల విశ్లేషణలో తేలిన విషయాలే నియమాలుగా మారాయన్నది ఇక్కడ గమనార్హం.

వ్యక్తిగత జాగ్రత్తల్లో మొదటిది, కొత్త పరికరాన్ని కాళ్లందే లోతులో కొంతసేపు వాడి చూడటం. సాదా గొట్టం, వెడల్పైన దారి మేలు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే దిగాలి. ఒంటరిగా వద్దు, జతగాడు పక్కనే, కంటికి ఆనేంత దగ్గరలో ఉండాలి. ప్రతి అర నిమిషానికి తల ఎత్తి తీరం ఎటుందో చూసుకోవాలి. ఆయాసం అనిపించిన మరుక్షణం మాస్కు, గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చేయెత్తి సాయం కోరి బయటికి రావాలి. ‘కాస్త ఓర్చుకుందాం’ అనుకోవడం ప్రాణాంతకం. మద్యం తాగి దిగరాదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరికలను పాటించాలి. 2010లో హేవ్‌లాక్ దీవిలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది.

ప్రథమ చికిత్స

నీట మునిగినవారి గుండె ఆగడానికి మూలం సాధారణంగా ప్రాణవాయువు లేకపోవడమే. శ్వాస లేకపోతే నోటి ద్వారా ఊపిరి అందించడంతో మొదలుపెట్టి, ఆపై ఛాతీ నొక్కాలి. కడుపు నొక్కి నీరు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇవి ప్రాణం నిలిపే సమయాన్ని వృథా చేస్తాయి. కక్కిన పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయేలా చేస్తాయి. తేరుకున్నట్టు కనిపించినా, ఆయాసమో దగ్గో ఉన్నవారిని ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి. భారతదేశంలో అత్యవసర సంఖ్య 112. సముద్రంలో గాలింపు, రక్షణకు తీర రక్షక దళం సంఖ్య 1554. (చూ. పునరుజ్జీవన చికిత్స.)

భారతదేశం, తెలుగువారు

దేశంలో స్నార్కెలింగ్ ప్రధానంగా అండమాన్, లక్షద్వీప్ దీవుల్లో, మహారాష్ట్రలోని మాల్వణ్, గోవా వంటి తీరాల్లో జరుగుతుంది. 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ చేసిన చిత్రాలు వెలువడ్డాక ఆసక్తి పెరిగింది. అండమాన్‌తో తెలుగువారికి గాఢమైన అనుబంధముంది. 2011 జనగణన ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం; ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అందులో అనేకం.

నీట మునిగి అసహజంగా మరణిస్తే పోలీసులు విచారణ జరిపి పంచనామా రాస్తారు. పూర్వపు నేర ప్రక్రియా స్మృతిలో 174వ సెక్షనైన ఈ విధానం నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షన్. పంచనామా ప్రధానంగా అడిగేది నేరం జరిగిందా, అనుమానం ఉందా అని. గొట్టం రకం, ఆయాసం, జబ్బుల చరిత్ర దాని పరిధిలో సహజంగా ఉండవు. ఇలాంటి కాగితాల నుంచే జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రమాద మరణాల నివేదిక తయారుచేస్తుంది. అందులో నీట మునక మరణాలు 2022లో 38 వేలు దాటాయి. వాటిని పడవ బోల్తా, నీటిలో ప్రమాదవశాత్తు పడిపోవడం, ఇతర ఉదంతాలు అని మూడు భాగాలుగా మాత్రమే చూపుతారు. స్నార్కెలింగ్ చేస్తూ చనిపోయిన మనిషి ‘ఇతర ఉదంతాల’లో కలిసిపోతాడు. గజ ఈతగాళ్లు, మత్స్యకారులు ఒడ్డుకు చేర్చి బతికించినవారైతే ఏ లెక్కలోనూ కనిపించరు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023లో నీట మునక నివారణకు వ్యూహ పత్రం వెలువరించింది. పర్యాటక మంత్రిత్వ శాఖ కింద గోవాలో ఉన్న జాతీయ జలక్రీడల సంస్థ లైఫ్‌గార్డులకు, నిర్వాహకులకు శిక్షణ ఇస్తోంది. రక్షించిన వ్యక్తి వివరాలు ఒక పేజీలో నింపే అలవాటును ఆ శిక్షణలోనే చేర్చవచ్చు. దీవుల్లో గైడ్లుగా, పడవ నడిపేవారిగా పనిచేసేవారికీ, వచ్చే పర్యాటకులకూ తెలిసిన భాషల్లో, తెలుగుతో సహా, ఆ పత్రాన్నీ ఆరోగ్య ప్రశ్నావళినీ అచ్చువేయడానికి పెద్ద ఖర్చు కాదు. (చూ. అండమాన్ నికోబార్ దీవులు, జలక్రీడలు, స్కూబా డైవింగ్.)